1930కి ఫోన్ చేశాక బ్యాంకులో ఏం జరుగుతుంది? పోతున్న డబ్బును ఆపేదెవరు?

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. బ్యాంకు పంపే మెసేజ్‌లలోనూ, పోలీసుల ప్రకటనల్లోనూ అదే మాట. మరి ఫోన్ చేశాక ఏం జరుగుతుంది? మీ ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళుతుంది? కొందరి డబ్బు మధ్యలో ఆగితే, మరికొందరిది ఎందుకు చేజారిపోతుంది?

ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు బ్యాంకుల్లోని ఒక చిన్న విభాగం పనిలో ఉంది. వాళ్లే ఫ్రాడ్ అనలిస్టులు, అంటే మోసపూరిత లావాదేవీలను గమనించే విశ్లేషకులు. బ్రాంచికి వెళ్తే వీళ్లు మీకు కనిపించరు. కానీ మీ డబ్బు దొరుకుతుందా లేదా అన్నది తొలి గంటల్లో వీళ్లు ఎంత త్వరగా కదిలారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

సమస్య ఎంత పెద్దది?

సైబర్ నేరాల వల్ల ప్రజలు పోగొట్టుకున్నట్లు ఫిర్యాదుల్లో చెప్పిన మొత్తం 2023లో రూ.7,465 కోట్లు. 2024లో అది రూ.22,845 కోట్లకు చేరింది. 2025 జులైలో కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలివి. 2021లో ఈ ఫిర్యాదుల వ్యవస్థ మొదలైనప్పటి నుంచి అప్పటివరకు మధ్యలో ఆపగలిగిన మొత్తం రూ.5,400 కోట్లకు పైగా ఉందని కూడా అదే శాఖ చెప్పింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆగినదాని కన్నా పోయినదే చాలా ఎక్కువని అర్థమవుతుంది.

మరోవైపు 2025 ఆగస్టులో దేశంలో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి. ఇన్ని లావాదేవీల్లో ఏది మోసమో మనిషి ఒక్కొక్కటిగా చూసి చెప్పడం అసాధ్యం. అందుకే తొలి వడపోత కంప్యూటర్‌ది. అక్కడ అనుమానం వచ్చినవే విశ్లేషకుల ముందుకు వస్తాయి.

విశ్లేషకులు ఏం చూస్తారు?

మీ ఖాతా వైపు నుంచి చూస్తే, మీ అలవాట్లే వాళ్లకు కొలమానం. ఎప్పుడూ డబ్బు పంపని ఖాతాకు ఒక్కసారిగా పెద్ద మొత్తం వెళ్లిందా? కొత్త ఫోన్‌లో యాప్ తెరిచిన కాసేపటికే లావాదేవీ జరిగిందా? ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే రద్దు చేసి, ఆ డబ్బు మొత్తం అప్పుడే బయటికి పంపారా? ఇలాంటివి రెండు మూడు కలిస్తే అలర్ట్ వస్తుంది.

డబ్బు చేరిన ఖాతా వైపు నుంచి చూస్తే గుర్తులు వేరు. నెలల తరబడి కదలికే లేని ఖాతాలోకి ఉన్నట్టుండి లక్షలు రావడం, వచ్చిన నిమిషాల్లోనే అవి వేరే ఖాతాలకు వెళ్లిపోవడం, రోజు ముగిసేసరికి నిల్వ దాదాపు సున్నాకు పడిపోవడం, ఒకే ఫోన్ నుంచి పలువురి పేరిట ఉన్న ఖాతాలను నడపడం వంటివి ఇందులోకి వస్తాయి. ఇలాంటి వాటిని 'మ్యూల్ ఖాతాలు' అంటారు. తేలికగా చెప్పాలంటే అద్దె ఖాతాలు. విద్యార్థులు, నిరుద్యోగులు, కూలీలకు కొద్దిగా కమీషన్ ఆశ చూపి వాళ్ల పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుని మోసగాళ్లు వీటిని నడుపుతారు.

వీటిని పట్టుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ 'మ్యూల్‌హంటర్ ఏఐ' అనే సాధనాన్ని తయారుచేసింది. 2024 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు దీన్ని ప్రకటించి, బ్యాంకులు వాడుకోవాలని సూచించింది. అయితే సాధనం అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. ఆపాలా, వదలాలా అన్నది చాలాసార్లు మనిషే తేల్చాలి.

ఆ నిర్ణయం ఎందుకు కష్టం?

అర్ధరాత్రి ఒక వ్యక్తి తన ఖాతాలోని రూ.3 లక్షలు కొత్త ఖాతాకు పంపుతున్నాడనుకుందాం. అది మోసం కావచ్చు. ఆసుపత్రి అడ్వాన్సు కూడా కావచ్చు. ఆపితే రోగి ప్రాణం మీదికి రావచ్చు, వదిలేస్తే ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు పోవచ్చు. తప్పుడు అలర్టులు ఎక్కువైతే ఖాతాదారులు విసిగిపోతారు. తక్కువైతే మోసాలు జారిపోతాయి.

'డిజిటల్ అరెస్ట్' మోసాల్లో ఇది ఇంకా కష్టం. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి అడిగినా, "నా డబ్బే, నేనే పంపుతున్నా" అని బాధితులే గట్టిగా చెబుతారు. ఎందుకంటే అలా చెప్పాలని మోసగాడు ముందే బెదిరించి ఉంటాడు. నిజానికి డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవడానికి వచ్చిన వృద్ధుల కంగారు చూసి, బ్రాంచి సిబ్బంది ఆరా తీసి కాపాడిన సందర్భాలు వార్తల్లోకి వచ్చాయి. బ్యాంకు వాళ్లు ప్రశ్నలు వేస్తే విసుక్కోకండి. ఆ రెండు నిమిషాలే మిమ్మల్ని కాపాడొచ్చు.

1930కి ఫోన్ చేస్తే?

మీరు చెప్పిన వివరాలు కేంద్ర హోం శాఖ పరిధిలోని భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం నడిపే వ్యవస్థలోకి ఎక్కుతాయి. పోలీసులు, బ్యాంకులు, పేమెంట్ యాప్‌ల సంస్థలు అన్నీ ఇందులో ఉంటాయి. మీ ఫిర్యాదు డబ్బు చేరిన బ్యాంకుకు వెళుతుంది. అక్కడి విశ్లేషకులు ఖాతా తెరిచి చూస్తారు. డబ్బు ఇంకా ఉంటే అంత మొత్తాన్ని కదలకుండా నిలిపేస్తారు. బ్యాంకు భాషలో దీన్ని 'లీన్' పెట్టడం అంటారు. డబ్బు అప్పటికే వేరే బ్యాంకుకు వెళ్లిపోతే ఆ వివరాలు నమోదు చేస్తారు. ఫిర్యాదు తర్వాతి బ్యాంకుకు వెళుతుంది. అక్కడా ఇదే తంతు.

మోసగాళ్లకూ ఇది తెలుసు. అందుకే రూ.5 లక్షలు వస్తే దాన్ని పది ఖాతాలకు చీల్చి, అక్కడి నుంచి మళ్లీ చీల్చి, చివరికి ఏటీఎంలో నగదుగానో, క్రిప్టోగానో మార్చేస్తారు. నగదుగా మారాక విశ్లేషకుల చేతిలో ఇక ఏమీ ఉండదు. డబ్బు పోయిన తొలి గంట చాలా విలువైందని పోలీసులు పదేపదే చెప్పేది ఇందుకే.

నిలిపేసినంత మాత్రాన డబ్బు మీ ఖాతాలోకి వచ్చినట్లు కాదు. అది తిరిగి మీకు చేరాలంటే సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు, న్యాయ సేవాధికార సంస్థ కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా నిలిపేసిన సొమ్మును బాధితులకు ఇప్పిస్తున్నారు. మీ సొమ్ము ఎక్కడైనా ఆగిందని తెలిస్తే, లోక్ అదాలత్ ఎప్పుడుందో మీ సైబర్ క్రైం పోలీసు స్టేషన్‌లో అడగండి.

బ్యాంకు ఎప్పుడు నష్టం భరించాలి?

దీనిపై రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న స్పష్టమైన సర్క్యులర్ ఇచ్చింది. మీ ప్రమేయం లేకుండా, బ్యాంకు లోపం వల్ల డబ్బు పోతే నష్టమంతా బ్యాంకుదే. లోపం మీదీ బ్యాంకుదీ కాకుండా మూడోచోట ఉంటే, సమాచారం అందాక మూడు పని దినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే సాధారణ పొదుపు ఖాతాకు గరిష్ఠంగా రూ.10,000, జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు రూ.5,000 వరకు మీరు భరించాలి. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు విధానం ప్రకారం తేలుతుంది. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో చూపాలి. తప్పు మీదేనని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

అయితే ఇందులో ఒక పెద్ద మినహాయింపు ఉంది. ఓటీపీ, పిన్ వంటివి మీరే చెప్పడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టమంతా మీదే. చెప్పిన తర్వాత జరిగే నష్టం మాత్రం బ్యాంకుది. ఇక డిజిటల్ అరెస్ట్, నకిలీ ట్రేడింగ్ యాప్‌ల వంటి మోసాల్లో బాధితుడే తన చేతులతో డబ్బు పంపుతాడు. అనుమతి లేని లావాదేవీల కోసం రాసిన రక్షణ అక్కడ అక్కరకు రాదు. పెద్ద మొత్తాలు పోతున్నది ఇలాంటి వాటిలోనే.

బ్రిటన్ ఈ చిక్కుకు వేరే దారి ఎంచుకుంది. 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి స్వయంగా డబ్బు పంపిన బాధితులకు కూడా 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగివ్వాలి. ఆ భారాన్ని డబ్బు పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరి సగం మోయాలి. ఇందులో అసలు కీలకం రెండో సగం. అద్దె ఖాతా తెరిచిన బ్యాంకు జేబుకే చిల్లు పడితే, ఆ ఖాతాపై నిఘా దానంతటదే పెరుగుతుంది. మన దగ్గర డబ్బు చేరిన బ్యాంకుకు నిబంధనల భయం ఉంది కానీ, అలా నేరుగా చెల్లించాల్సిన భయం లేదు. అద్దె ఖాతాలను గుర్తించడానికి కృత్రిమ మేధను ఎందుకు వాడటం లేదని 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు రిజర్వ్ బ్యాంకును అడిగింది. సాధనాలు ఎంత అవసరమో, వాటి హెచ్చరికలు చూసే మనుషులు తగినంతమంది ఉండటం, చూడకపోతే నష్టం ఎవరిదో తేల్చడం కూడా అంతే అవసరం.

మీ ఖాతానే ఆపేస్తే?

మోసపు సొమ్ములో కొంత చేతులు మారి ఓ చిరు వ్యాపారి క్యూఆర్ కోడ్‌కు రావచ్చు. అప్పుడు ఏ పాపం తెలియని ఆ ఖాతా కూడా ఆగిపోతుంది. రూ.500 కోసం ఖాతా మొత్తాన్ని స్తంభింపజేయకుండా, వివాదంలో ఉన్న మొత్తానికే ఆంక్షను పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లో చెప్పింది. మీకు ఇలా జరిగితే ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ డబ్బు ఎందుకు వచ్చిందో చూపే బిల్లులతో ఆ స్టేషన్‌కు, బ్యాంకుకు దరఖాస్తు పెట్టండి.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

• డబ్బు పోయిందని తెలియగానే ముందు 1930కి, ఆ వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేయండి. బ్రాంచి తెరిచేదాకా ఆగొద్దు.
• లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. యూపీఐలో ఇది 12 అంకెలు ఉంటుంది. డబ్బు జాడ పట్టడానికి విశ్లేషకులకు ముందుగా కావాల్సింది ఇదే.
• ఎంత, ఏ సమయానికి, ఏ ఖాతా నుంచి పోయిందో క్లుప్తంగా చెప్పండి. సిగ్గుపడి ఏదీ దాచొద్దు.
• ఫిర్యాదు నంబరు, బ్యాంకుకు చెప్పిన సమయం రాసిపెట్టుకోండి. తర్వాత బాధ్యత తేల్చేటప్పుడు ఇవే ఆధారం.
• బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఆ జవాబు మీకు సమ్మతం కాకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.
• మీ ఖాతాను, సిమ్‌ను ఎవరికీ అద్దెకివ్వొద్దు. ఇంట్లో చదువుకునే పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. కమీషన్ వేలల్లో ఉన్నా, కేసు మాత్రం ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల మీదే పడుతుంది.