అమ్మకి పడని మందు

కొన్నేళ్ల క్రితం అమ్మ మెల్‌బోర్న్ వచ్చినప్పుడు ఆవిడతోపాటు ఒక పొడి దగ్గూ దిగింది. పగలు ఫర్వాలేదు గానీ రాత్రి పడుకోగానే మొదలు. "మీ ఊరి చలిరా" అని తేల్చేసింది. నేను కెమిస్టు దగ్గరికెళ్లి సిరప్ తెచ్చాను. తగ్గలేదు. ఇంకో సీసా తెచ్చాను.

చివరికి జీపీ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన గొంతు చూడకముందే "బీపీకి ఏం వాడుతున్నారు?" అన్నాడు. రామిప్రిల్. ఆ రకం మందులతో కొంతమందికి పొడి దగ్గు వస్తుందిట. మాత్ర మార్చాక కొన్ని వారాల్లో పోయింది. అప్పుడు చెప్పింది అమ్మ: "బయల్దేరకముందే కాస్త ఉండేదిరా. చెప్తే ప్రయాణం ఆపేస్తావని..."

కథ అక్కడితో అయిపోలేదు. 2023 ఫిబ్రవరి 28న ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ టీజీఏ, ఫోల్కోడిన్ ఉన్న 55 ఉత్పత్తులను రద్దు చేసింది. నేను తెచ్చిన సీసాలో ఉన్నదీ అదే! అది తాగినవాళ్లకి ఏడాదిలోపు ఆపరేషన్ జరిగితే, మత్తుతోపాటు కండరాలు సడలడానికి ఇచ్చే మందు వికటించి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే, కానీ మామూలు దగ్గుకి అంత పణం పెట్టాలా?

ఆలోచించండి. సిరప్ తాగింది వంటింట్లో. ప్రమాదం నెలల తర్వాత ఆపరేషన్ థియేటర్లో. ఈ రెంటికీ ముడి ఎవరు వేస్తారు? నార్వే 2007లోనే ఆ మందు ఆపేసింది. మిగతాచోట్ల, మత్తు డాక్టర్లు ఒక్కొక్క కేసూ రాసి పంపగా పంపగా అనుమానం గట్టిపడింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది కొత్త కాదు. మూడు వేలమంది మీద పరీక్షించిన మందులో, పది వేలమందిలో ఒకరికి వచ్చే తేడా బయటపడకపోవచ్చు. అది ప్రొడక్షన్‌లోనే కనిపిస్తుంది. ఎవరూ బగ్ రిపోర్టు చెయ్యకపోతే లేనట్టే లెక్క.

ఆస్ట్రేలియా ఈ పాఠం ఖరీదుగా నేర్చుకుంది. థాలిడోమైడ్ వాడిన తల్లులకి అవయవ లోపాలతో పిల్లలు పుడుతున్నారని సిడ్నీ డాక్టరు విలియం మెక్‌బ్రైడ్ 1961 డిసెంబరులో లాన్సెట్‌కి చిన్న ఉత్తరం రాశాడు. ఇంకెవరైనా ఇలాంటివి చూశారా అని అడిగాడు. బాధితులకి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2023 నవంబరులో! అదే మెక్‌బ్రైడ్ తర్వాత మరో మందు మీద పరిశోధనలో అంకెలు మార్చాడని తేలి, 1993లో డాక్టరుగా రిజిస్ట్రేషన్ పోగొట్టుకున్నాడు. అందుకే ఒక్కరి మాట తీర్పు కాదు. పదిమంది చెప్పాలి, ఎవరో ఒకరు సరిచూడాలి.

మన ఇళ్లలో ఏం చేస్తాం? "ఆ మందు నాకు పడలేదు" అని సొరుగులో పడేస్తాం, లేదా పక్కింటివాళ్లకి ఇచ్చేస్తాం. డాక్టరుకి చెప్తే ఏమనుకుంటాడో అని మొహమాటం. నేను మాత్రం తక్కువ తిన్నానా? రోజూ ఆఫీసులో బగ్గులు రాసేవాణ్ణి, అమ్మ దగ్గు గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు.

రుజువు మనం తేనక్కర్లేదు, అనుమానం చాలు. ఇక్కడైతే టీజీఏకి ఎవరైనా రాయొచ్చు. ఇండియాలో 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, ఉచితం. మందు మాత్రం డాక్టర్ని అడక్కుండా మానేయకండి.

ఇప్పుడు ఆదివారం ఫోన్లో అమ్మని "ఎలా ఉన్నావు?" అని అడగడం మానేశాను. దానికి ఎప్పుడూ "బానే ఉన్నాను" అనే అంటుంది. "కొత్త మాత్ర ఏమైనా మొదలుపెట్టారా? ఆ తర్వాత ఒంట్లో ఏం మారింది?" అని అడుగుతున్నాను. జవాబులు వస్తున్నాయి.