ముందు నీటిని చదువుదాం

తెల్లవారుజామున కైకలూరు, ఆకివీడు వైపు వెళ్తే, చేపల చెరువు గట్టు మీద నిలబడి నీటినే చూస్తున్న రైతులు కనిపిస్తారు. వాళ్లు చదువుతున్నది నీటి రంగును. లేత ఆకుపచ్చగా ఉంటే నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు బాగున్నట్టు. వృక్ష ప్లవకాలు పగలు ప్రాణవాయువునిస్తాయి. వాటిని తిని జంతు ప్లవకాలు పెరుగుతాయి. బొచ్చె చేపకు ఇష్టమైన మేత అవే.

ఆ పచ్చదనమే మితిమీరితే ముప్పు. మేత, ఎరువు ఎక్కువై నీరు చిక్కబడితే, రాత్రంతా ఆ ప్లవకాలే ప్రాణవాయువును పీల్చేస్తాయి. మబ్బు పట్టిన రోజు గడిచి వేకువ అయ్యేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

దీన్ని ముందే పసిగట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నలుపు తెలుపు సెక్కీ పళ్లెం నీటిలోకి దించితే సుమారు 30–40 సెంటీమీటర్ల లోతున కనుమరుగవ్వాలి. ప్లవకాల వల్ల అంతకన్నా పైనే మాయమైతే ఎరువు ఆపాలి, మేత తగ్గించాలి, కొత్తనీరు పెట్టాలి.

ఈ సంచికంతా నీటి గురించే. మేత లెక్క రాసే పుస్తకంలో నీటికీ ఒక గడి గీసుకోండి. చేపను పెంచేది నీరు, ఆ నీటిని కాచుకోవాల్సింది మనం.

– సంపాదకుడు