మార్గశిరంలో వెచ్చటి రాత్రులు

డిసెంబరు వచ్చిందంటే టీవీ కెమెరాలన్నీ లంబసింగి కొండెక్కుతాయి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైన అంకె తెర మీద పెద్దక్షరాల్లో పడుతుంది. నాలుగు డిగ్రీలు, రెండు డిగ్రీలు, ఎప్పుడైనా సున్నా. గడ్డిపరక మీద గడ్డకట్టిన నీటిబొట్టు ఫొటో అందరి ఫోన్లలోనూ తిరుగుతుంది. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న అలాంటి మన్యం ఊళ్లు తీసేస్తే, మనది నీళ్లు గడ్డకట్టే చలి ఎరగని నేల. ఆ నేల మీద చలికాలం ఎలా గడుస్తోందని అడిగేవాళ్లు లేరు. అది అడగడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది నూజివీడు పక్కన పల్లె. మా మామగారు నాటిన బంగినపల్లి, చిన్నరసాల తోట ఇప్పుడు నా చేతుల్లో ఉంది. వరండా స్తంభానికి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు కట్టుకున్నాను. పొద్దున్నే గేదె దగ్గరికి పోయేముందు దాన్ని చూసి, రాత్రి ఎంతకు దిగిందో కేలండరు గడిలో రాసుకుంటాను. వర్షం అంకె కన్నా ఈ అంకె మీదే నాకు బెంగ ఎక్కువ.

మామిడి అడిగే చలి పెద్దదేం కాదు. వానాకాలంలో వేసిన చిగుళ్లు ముదరాలి. అక్టోబరు నుంచి నీళ్లు ఆపేసి చెట్టును బెట్టకు వదలాలి. ఆ తర్వాత రాత్రి ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల చుట్టుపక్కలకు దిగి కొన్ని వారాలు నిలబడితే చాలు, కొమ్మ చివర మొగ్గ పూతకు తిరుగుతుంది. పగలు ఎండ కాసినా ఇబ్బంది లేదు. రాత్రులు ఇరవై దాటి ఉంటే మాత్రం, ముఖ్యంగా ముదరని కొమ్మల్లో, అదే మొగ్గ ఆకు చిగురై సాగిపోతుంది. డిసెంబరులో కొమ్మ వంచి చూస్తే సంగతి ముందే తెలుస్తుంది. మొగ్గ సన్నగా మొనదేలి ఉంటే ఆకు. గుండ్రంగా ఉబ్బి, పొలుసులు విచ్చుకుంటూ ఉంటే పూత. ఒక్కోసారి ఒకే రెమ్మలో ఆకులూ పూలూ కలిసి బయటపడతాయి. అది చూస్తే నాకు గుండె జారిపోతుంది. ఆ రెమ్మకు నాలుగు కాయలు నిలవడమే గొప్ప.

పూత ఒక్కసారి రాకుండా విడతలు విడతలుగా వస్తే రైతు నష్టం అంతటితో ఆగదు. ప్రతి విడతకూ తేనెమంచు పురుగుకు ఒకసారి, బూడిద తెగులుకు ఒకసారి మందు కొట్టాలి. పూత మీద తోట బేరమాడే వ్యాపారి జనవరిలో వచ్చి, సగం చెట్లు పచ్చగా చిగురేసి ఉండటం చూసి, నోటికొచ్చిన రేటు చెప్పి బండెక్కేస్తాడు. ఆలస్యంగా పూసినవి మేలో ఈదురుగాలులకు రాలతాయి. మిగిలినవి తొలకరి వానలకు చిక్కి పండు ఈగ పాలవుతాయి.

మన చలికాలం మొదటి నుంచీ పలచనిదే. పక్కనే బంగాళాఖాతం. మధ్య ఆసియా నుంచి వచ్చే శీతల గాలులను హిమాలయాలే ఆపేస్తాయి. మనం ఉన్నది పదహారు, పదిహేడు డిగ్రీల అక్షాంశాల మీద. ఉత్తరప్రదేశ్‌లో రైతులు లేత మామిడి మొక్కలకు గడ్డితో చిన్న పాకలు కట్టి, గడ్డకట్టే చలి నుంచి కాపాడుకుంటారు. మనకు ఆ బాధ లేదు, అది ఈ నేలకు దొరికిన పెద్ద వరం. అయితే అక్కడి మలీహాబాద్‌లో రాత్రి మూడు డిగ్రీలు పెరిగినా ఇంకా చలి మిగిలే ఉంటుంది. నూజివీడులో మూడు డిగ్రీలు పెరిగితే చలికాలమే మిగలదు. చలి తక్కువ ఉన్నచోటే దాన్ని పైసా పైసా లెక్కపెట్టుకోవాలని నేను అనేది ఇందుకే.

రాత్రి చల్లబడాలంటే ఆకాశం తేటగా ఉండాలి. పగలు నేల మింగిన వేడి అలాంటప్పుడే పైకి పోతుంది. మబ్బు పడితే దుప్పటి కప్పినట్టే, వేడి కిందే ఉండిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఒరిగిన వరి, కూలిన అరటి అందరికీ కనిపించాయి, కనిపించాల్సినవే. మామిడి చెట్టు మాత్రం నిలబడే ఉంది కాబట్టి దాని జోలికి ఎవరూ రాలేదు. నేల తడిసి బెట్ట విరిగితే, మబ్బు పట్టి రాత్రులు వెచ్చగా గడిస్తే ఆ నష్టం రెండు నెలల తర్వాత పూతలో బయటపడుతుంది. అప్పటికి నష్టం రాసుకునే అధికారులు వచ్చి వెళ్లిపోయి ఉంటారు.

వాతావరణ శాఖ కొలతల్లోనూ ఈ ఖాళీ ఉంది. తీర ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకో, అంతకన్నా కిందికో దిగి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు తక్కువగా ఉంటే శీతల గాలులని ప్రకటించవచ్చు. మంచి నిబంధన. చలికి అలవాటు లేని జనానికి పదిహేను డిగ్రీలు కూడా కష్టమేనని గుర్తించి పెట్టింది. మరి వెచ్చటి రాత్రి సంగతి? పగటి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలో, ఆపైనో ఉంటేనే ఆ లెక్కలోకి వస్తుంది. అంటే అది వేసవికి పెట్టుకున్న కొలత. డిసెంబరు రాత్రి మామూలు కన్నా ఐదు డిగ్రీలు ఎక్కువగా ఉన్నా అది ఏ హెచ్చరికలోకీ ఎక్కదు.

హిమాచల్ ప్రదేశ్‌లో యాపిల్ శాస్త్రవేత్తలు శీతాకాలంలో ఏడు డిగ్రీల కింద ఎన్ని గంటలు గడిచాయో కూడుతూ పోతారు. డెలీషియస్ రకాలకు వెయ్యి గంటలకు అటూ ఇటూగా కావాలి. ఆ గంటలు తగ్గుతున్నకొద్దీ యాపిల్ తోటలు కొండ పైపైకి, కిన్నౌర్, లాహౌల్ వైపుకు జరిగాయి. యాపిల్‌కు ఉన్న లెక్క మామిడికి ఎందుకు ఉండకూడదు? మా నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. నవంబరు నుంచి జనవరి దాకా పదిహేను డిగ్రీల దగ్గరికి దిగిన రాత్రులు ఎన్నో, ఇరవైకి దిగనివి ఎన్నో కూడి, వారానికోసారి రైతు సేవా కేంద్రం గోడ మీద రాయడానికి కొత్త ఖర్చేమీ అక్కర్లేదు. ఫలానా వారం నీళ్లు పెట్టొద్దు, ఫలానా వారం 13-0-45 ఎరువు కొట్టండి అని ఆ లెక్క చూసి చెప్పొచ్చు. ఇప్పుడు ఆ సలహా మందుల దుకాణంలో దొరుకుతోంది.

ఆ దుకాణం సలహా ఎక్కువగా కల్తార్. చెట్టు మొదట్లో పోసే ప్యాక్లోబ్యూట్రజాల్. అది కొమ్మ సాగడాన్ని ఆపి పూతకు తిప్పుతుంది. సరైన మోతాదులో, ఏపైన చెట్టుకు, శాస్త్రవేత్త చెప్పినట్టు వాడితే మంచిదే. కానీ చలి పడలేదన్న భయంతో ఏటేటా పోస్తూపోతే చెట్టు గిడసబారుతుంది, కొత్త కొమ్మలు పొట్టివైపోతాయి. మందు నేలలోనూ చాలాకాలం నిలిచిపోతుంది. నేను ఒక్క చెట్టుకూ పొయ్యలేదు, పొయ్యను. అయితే పోసేవాళ్లను తప్పుపట్టను. కౌలు కట్టి, అప్పు తెచ్చి తోట చేసేవాడు పూత కోసం ఎన్నాళ్లని ఆకాశం వంక చూస్తాడు?

పంట బీమాలోనూ ఈ అంకె చేరాలి. గాలివాన, వడగళ్లు లెక్కించినట్టే, పూత నెలల్లో వెచ్చటి రాత్రులు ఒక హద్దు దాటితే పరిహారం రావాలి. నష్టం కళ్లకు కనిపించే దాకా ఆగక్కర్లేదు, థర్మామీటరే సాక్ష్యం.

రకాల సంగతి కూడా చెప్పాలి. పొట్టి చలికాలానికి తట్టుకునే జేజీ-11 లాంటి స్వల్పకాలిక రకాలు వచ్చాకే కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో శనగ అంతగా పెరిగింది. మామిడిలోనూ అలాంటి పని జరగాలి. మన పెరళ్లలోనే పునాస ఉంది. మామూలు కాపు లేని రోజుల్లోనూ పూసి కాస్తుంది. బంగినపల్లి రుచి, పునాస పూత ఒక చెట్టులో కలిసే అవకాశం ఎంతో తేల్చాల్సింది పరిశోధకులు. మామిడిలో ఇది ఏళ్ల తరబడి సాగే పని. గింజ మొలిచి, మొక్క కాపుకొచ్చి, కాయ రుచి చూసి, పదిచోట్ల నాటి పరీక్షించే సరికి ఇరవై ఏళ్లయినా పట్టొచ్చు. అందుకే దీనికి డబ్బు వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించమని ఉద్యాన శాఖను అడుగుతున్నాను.