తెల్లవారుజామున అయిదున్నరకి చదివే కాయితం

"ట్రైనింగ్‌లో చెప్పాం కదా, వినలేదా?" అనే మాట నాకు అస్సలు నచ్చదు. వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు మనుషులు ఒకే తప్పు చేస్తున్నారంటే, చెప్పిన పద్ధతిలోనే ఏదో తేడా ఉందని నా అభిప్రాయం.

మాది చిల్లకల్లు (అవును, ఆ టోల్‌గేట్ చిల్లకల్లే). మా బాబాయ్ గవర్నమెంట్ టీచర్. 2024 మే 13 ఎన్నికల్లో ఆయనకి ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. ట్రైనింగ్ కాయితాలు ఇంటికి తెస్తే నేనూ తిరగేశాను.

అందులో అసలైన పని మాక్ పోల్. ఏడింటికి పోలింగ్ అంటే గంటన్నర ముందే ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూపించాలి. ఆ తర్వాత కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ నొక్కాలి. గుర్తుండటానికి 'సీఆర్‌సీ' అంటారు. రెండు 'సీ'లు ఉన్నాయి, ఏది ముందో తికమక పడొచ్చు కదా అనుకున్నా. కానీ మెషీన్ ఆ తప్పు చేయనివ్వదు. క్లోజ్ నొక్కందే రిజల్ట్ రాదు, రిజల్ట్ చూడందే క్లియర్ అవ్వదు. సూపర్ డిజైన్! వీవీప్యాట్ వెనక నాబ్ కూడా అంతే. నిలువుగా ఉంటే పని చేయడానికి, అడ్డంగా ఉంటే ప్రయాణానికి. చూస్తే చాలు.

చిక్కల్లా ఆ మూడూ మొత్తానికే మర్చిపోతే. మెషీన్ అడగదు. ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. ఇది ఊహ కాదు, జరిగింది కాబట్టే ఎన్నికల సంఘం దీనికి రూల్ పెట్టింది. అలాంటి బూత్ మెషీన్‌ని కౌంటింగ్‌లో పక్కన పెడతారు. గెలుపు తేడా ఆ ఓట్లను మించకపోతే వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెడతారు.

చదువుకున్నవాళ్ళే కదా, ఎలా మర్చిపోతారు అంటారా? ముందు రోజంతా సామాన్లు మోసి, రాత్రి బూత్‌లో బెంచీల మీద దొర్లి, అయిదున్నరకి ఏజెంట్ల మధ్య నిలబడి ఆ జిరాక్సు చదవండి. అందులో కవర్లు, సీళ్ళు, ఫారాలు, సీఆర్‌సీ అన్నీ ఒకటే సైజు అక్షరాలు. వస్తువుల ప్రకారం రాశారు, టైం ప్రకారం కాదు. మన ప్రాజెక్టు మాన్యువల్స్ కూడా ఇంతే, బటన్ బటన్‌కీ ఒక పేరా!

బాబాయ్ ఒక అట్ట మీద సొంతంగా రాసుకున్నాడు. ఎడమ పక్క టైం, కుడి పక్క ప్రశ్నలు. ఏడు గంటల గడికి ముందు ఎర్ర పెన్నుతో రెండే లైన్లు: "టోటల్ సున్నా చూపిస్తోందా? మాక్ స్లిప్పులు నల్ల కవర్లోకి వెళ్ళాయా?"