షౌక్ మంచిదే, రోడ్డు మాత్రం అందరిదీ



షబే బరాత్ దగ్గర పడితే ప్రతి ఏడూ మసీదుల్లో ఒకటే మాట: "పిల్లల చేతికి బండి ఇవ్వకండి." ప్రతి ఏడూ మనం ఇస్తూనే ఉన్నాం. హైదరాబాద్‌లో ఆ రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు మూసేయాల్సి వస్తోంది. ఇబాదత్ కోసం మేలుకోవాల్సిన రాత్రికి ఇంతకన్నా బేఇజ్జతీ ఏముంటుంది?

అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఒకటి, జవానీ షౌక్. రెండు, విలాయత్‌లో పెద్ద పెద్దవాళ్లే రోడ్ల మీద రేసులు పెట్టారు కదా. మూడు, ఏదైనా జరిగితే తక్‌దీర్. రెండోదానితో మొదలుపెడతాను. విలాయత్ పేరు తీసినవాళ్లు విలాయత్ కథ పూర్తిగా వినాలి.

బ్రిటన్ కార్ల రేసుల్లో అతి పాతవాటిలో ఒకటి టూరిస్ట్ ట్రోఫీ. 1905లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో మొదలైంది. ఇంగ్లండ్‌లో మామూలు రోడ్ల మీద రేసుకు కానూన్ ఒప్పుకోలేదు గనుక ఆ దీవికి వెళ్లారు. అక్కడ రోడ్డు మూయడానికి ప్రత్యేకంగా చట్టం ఉండింది. ఇంకో సంగతి వినండి. ఆ మొదటి రేసులో ఒక్కో కారుకు పెట్రోలు కొలిచి ఇచ్చారు. ఇష్టమొచ్చినట్టు తొక్కితే మధ్యలోనే ఆగిపోవాలి. మరుసటి ఏడు గెలిచింది రోల్స్ రాయిస్ కంపెనీలోని ఆ రోల్స్ సాహెబే. అంటే ఆ పోటీ పునాదిలోనే వేగంతో పాటు హిసాబ్ ఉంది, సబ్ర్ ఉంది. గంటల తరబడి నడిచే రేసులో టైరునూ బ్రేకునూ ఇంజన్‌నూ కాపాడుకున్నవాడే చివరిదాకా మిగులుతాడు. మన కుర్రాళ్లు ముందు చక్రం లేపి పది సెకన్లు చేసే తమాషాకూ దానికీ రిష్తా లేదు.

1928 నుంచి ఆ రేసు ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్డ్స్ రోడ్ల మీద జరిగింది. పెద్ద కార్లకూ చిన్న కార్లకూ తేడా లెక్కగట్టి చిన్నవాటికి రియాయత్ ఇచ్చేవాళ్లు. 1933లో నువొలారీ అనే ఇటలీ డ్రైవర్ చిన్న ఎంజీ కారుతో గెలిచాడు. ఊళ్ల మధ్య నుంచి కార్లు పోతుంటే జనం రోడ్డు పక్కనే గుమిగూడి చూసేవారు. అందరికీ అదొక జల్సా.

1936లో వాన పడింది. న్యూటౌనార్డ్స్ అనే ఊళ్లో ఒక కారు అదుపు తప్పి జనం మీదికి దూసుకెళ్లింది. చూడటానికి వచ్చిన 8 మంది చనిపోయారు. వాళ్లలో ఎవరూ రేసులో లేరు, స్టీరింగ్ పట్టలేదు. ఆర్డ్స్‌లో ఆ రేసు మళ్లీ జరగలేదు. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లో డోనింగ్టన్ ట్రాక్‌కు మార్చారు.

కానీ మనిషి మరిచిపోతాడు. యుద్ధం అయ్యాక 1950లో మళ్లీ ఉత్తర ఐర్లండ్ రోడ్ల మీదికే, డండ్రాడ్‌కు తెచ్చారు. 1955లో అక్కడ మాస్ అనే బ్రిటిష్ డ్రైవర్ తన జోడీదారుతో కలిసి మెర్సిడెస్ కారుతో గెలిచాడు. అదే రోజు ముగ్గురు డ్రైవర్లు ప్రాణాలు కోల్పోయారు. దాని తర్వాత రెండేళ్లు రేసే లేదు. 1958లో మొదలుపెట్టినప్పుడు గుడ్‌వుడ్ అనే చోటికి వెళ్లారు. అది పాత విమానాశ్రయం చుట్టూ వేసిన ట్రాక్. కార్ల టూరిస్ట్ ట్రోఫీ ఊరి రోడ్ల మీదికి మళ్లీ రాలేదు.

"మోటార్‌సైకిళ్ల టీటీ ఇప్పటికీ ఐల్ ఆఫ్ మ్యాన్ రోడ్ల మీదే కదా" అంటారు. నిజమే. అక్కడ ఇప్పటికీ మనుషులు చనిపోతున్నారు, నేను దాన్ని సమర్థించను. అయినా అక్కడ రోడ్డు మూస్తారు, పోటీదారుకు లైసెన్స్ ఉంటుంది, డాక్టర్లు సిద్ధంగా ఉంటారు. మన దగ్గర ఆ రోడ్డు మీదే ఆటో వస్తుంది, అంబులెన్స్ వస్తుంది, ఖబరస్తాన్ నుంచి తిరిగొచ్చే ముసలాయన వస్తాడు. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు కూడా ముందు రోడ్డు మూసి, అడ్డుగోడలు కట్టాకే కార్లు వదిలారు.

ఇక షౌక్ సంగతి. దీన్ పోటీని హరామ్ అనలేదు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం స్వయంగా గుర్రాల పందేలు పెట్టించారు. బుఖారీలో ఉంది: తర్ఫీదు పొందిన గుర్రాలకు ఎక్కువ దూరం, పొందనివాటికి తక్కువ దూరం. ఎక్కడ మొదలో, ఎక్కడ ఆఖరో ముందే ఖరారు. ఇది ఉసూల్ ఉన్న షౌక్. అదే దీన్ దారిలో అడ్డు తొలగించడాన్ని ఈమాన్‌లో భాగం చేసింది. అడ్డు తీయడం ఈమాన్ అయితే, మన కొడుకే ఇతరుల దారిలో మౌత్ అయి తిరగడాన్ని ఏమనాలి?

మూడో జవాబు తక్‌దీర్. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్ మీద తవక్కుల్ పెట్టమన్న హదీస్ మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. లైసెన్స్ లేని పదిహేనేళ్ల వాడికి తాళం ఇచ్చి, హెల్మెట్ గోడకు తగిలించి, జనాజా దగ్గర తక్‌దీర్ అనడం ఒంటెను విప్పి అడవిలో తోలడమే. మౌత్ అల్లాహ్ చేతిలో ఉంది. తాళం అబ్బా చేతిలో ఉంది. ఆఖిరత్‌లో మనల్ని అడిగేది తాళం గురించే.

కాబట్టి ఇళ్ల పెద్దలకు నాది సాఫ్ మాట. షబే బరాత్ రాత్రి బండి తాళం అమ్మీ కొంగున ఉండాలి. కొడుకును మసీదుకు తండ్రే వెంట తీసుకెళ్లి, వెంట తీసుకురావాలి. మసీదు కమిటీలు అప్పీల్‌తో సరిపెట్టకుండా గేటు దగ్గర నిలబడాలి. నిజంగా షౌక్ ఉన్నవాణ్ణి వయసొచ్చాక లైసెన్స్ తీయించి, చెన్నైలోనో కోయంబత్తూరులోనో ఉన్న రేసు ట్రాకుకు పంపండి. అక్కడ వాడి హునర్ ఏపాటిదో తేలుతుంది.

విలాయత్ వాళ్లకు ఈ సబక్ ఎక్కడానికి రెండుసార్లు జనాజాలు లేచాయి. మన మొహల్లాల్లో ఎన్ని లేచాయో మీకే తెలుసు. ఇంకొకటి లేవకముందే తాళం తీసుకోండి.