విగ్రహం తీసేశారు... లైబ్రరీ వుంచారు!

ఈ వారం షూటింగు కబుర్లు లేవు. కోపం తెచ్చుకోకండి. మొన్న రాత్రి నిద్ర పట్టక ఒక సినిమా పెట్టుకు చూశాను. చూశాక అసలే పట్టలేదు! ఆ గొడవేమిటో మీతో చెప్పుకుంటే గాని మనసు తేలికపడేలా లేదు.

సినిమా పేరు 'పటెర్నో'. 2018లో అమెరికాలో హెచ్‌బీవో టీవీ కోసం తీశారు. దర్శకుడు బ్యారీ లెవిన్సన్. ముఖ్యపాత్ర అల్ పచినో. 'గాడ్‌ఫాదర్'లో చూశారుగా, ఆ పచినోయే! అయితే ఇందులో తుపాకులు లేవు, మాఫియా లేదు. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకున్న ఓ ముసలాయన, ఆస్పత్రిలో స్కానింగు యంత్రంలో పడుకుని, జరిగిందంతా నెమరు వేసుకుంటూ వుంటాడు. అంతే కథ. కానీ ఆ 'అంతే'లో ఎంత వుందో!

ఇది కల్పన కాదండోయ్. జో పటెర్నో నిజంగా వున్న మనిషి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది అనుకునేరు! కోడిగుడ్డులా కోలగా వుండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. అక్కడ కాలేజీ ఆటకి వున్న మోజు చెబితే మీరు నమ్మరు. యూనివర్సిటీ వున్న వూరు చూస్తే చిన్నది, స్టేడియంలో మాత్రం లక్షమందికి పైగా పడతారు. శనివారం ఆట వుందంటే వూరంతా మన దగ్గర పెద్ద హీరో సినిమా మొదటిరోజు మొదటి ఆటలా వుంటుంది. ఆ ప్రాంతానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు 'హ్యాపీ వ్యాలీ'. అంటే ఆనందాల లోయ!

ఆ లోయకి దేవుడు పటెర్నో. 1926లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. బ్రౌన్ యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. 1950లో అసిస్టెంటు కోచ్‌గా ఆ వూరొచ్చాడు. 1966లో పెద్ద కోచ్ అయ్యాడు. 2011 దాకా, 46 సీజన్లు, ఆ కుర్చీ ఆయనదే. 1982లోను 1986లోను జాతీయ ఛాంపియన్లు ఆయన కుర్రాళ్ళే. ప్యాంటు పైకి మడిచి, నల్లబూట్లు వేసుకుని గ్రౌండు పక్కన నిలబడితే, అదే ఆయన స్టయిలు!

గెలిచినందుకే దేవుణ్ణి చేశారా అంటే, కాదు. ఆటగాడు ముందు చదువుకోవాలి అనేవాడు. జెర్సీ వీపు మీద ఆటగాడి పేరు వేయనిచ్చేవాడు కాదు. ఎంత స్టారయినా జట్టు తరవాతే! తన సొంత డబ్బు లక్షల డాలర్లు యూనివర్సిటీకి ఇచ్చాడు. లైబ్రరీ కోసం జోలె పట్టి తిరిగి చందాలు పోగుచేశాడు. 2000లో తెరిచిన ఆ కొత్త భవనానికి ఆయన పేరే పెట్టారు. యూనివర్సిటీ వాళ్ళ డెయిరీలో ఆయన పేరు మీద ఐస్‌క్రీము కూడా చేశారు. ఇంతకంటే ఏం కావాలండీ ఒక మనిషికి?

2011 అక్టోబర్ 29న ఆయన 409వ ఆట గెలిచాడు. ఆ స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ కోచూ అన్ని గెలవలేదు. సినిమా అయితే అక్కడ 'శుభం' కార్డు పడాలి.

సరిగ్గా వారానికి కథ అడ్డం తిరిగింది. నవంబర్ 5న జెర్రీ శాండస్కీని అరెస్టు చేశారు.

ఈ శాండస్కీ ఎవరు? 1999లో రిటైరయ్యే దాకా, ముప్ఫై ఏళ్ళపాటు పటెర్నోకి సహాయకుడు. జట్టు రక్షణ వ్యూహమంతా ఇతనిదే. 1977లో దిక్కులేని పిల్లల కోసమని ఒక ధర్మసంస్థ కూడా పెట్టాడు. వూళ్ళో అందరూ చేతులెత్తి దండం పెట్టారు. ఆ ధర్మసంస్థకి వచ్చిన పిల్లల మీదే ఏళ్ళ తరబడి అఘాయిత్యాలు చేశాడు. 2012 జూన్‌లో జూరీ 45 ఆరోపణల్లో అతను దోషి అని తేల్చింది. అక్టోబర్‌లో 30 నుంచి 60 ఏళ్ళ జైలుశిక్ష పడింది. అతని గురించి ఇక చెప్పుకోవడానికేమీ లేదు. విలన్ విలనే.

నా నిద్ర పాడుచేసింది విలన్ కాదు. హీరో!

2001 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి, జట్టులోనే పనిచేసే ఓ కుర్ర అసిస్టెంటు, స్నానాల గదిలో శాండస్కీని ఓ చిన్న పిల్లాడితో చూశాడు. బెదిరిపోయాడు. మర్నాడు పొద్దున్నే పటెర్నో ఇంటికి పరిగెత్తాడు. పెద్దాయనకి చెప్పాడు. పెద్దాయన విన్నాడు. ఆ తరవాత తన పై అధికారికి చెప్పాడు. వెంటనే కాదు. ఎందుకు ఆగారని పదేళ్ళ తరవాత గ్రాండ్ జూరీ ముందు అడిగితే ఆయన చెప్పిన కారణం - అది శనివారమట, వాళ్ళ సెలవురోజులు పాడుచేయడం ఇష్టం లేకపోయిందట!

ఆ మాట విన్నాక మీకేమనిపించిందో గాని, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. కారణం పటెర్నో కాదు. నేనే.

నేను కాలేజీ హాస్టల్లో వున్నప్పటి సంగతి. మా వాలీబాల్ కెప్టెన్ అంటే మాకందరికీ ప్రాణం. జిల్లా పోటీల్లో కప్పు తెచ్చిన మొనగాడు. ఓ రోజు కొత్తగా చేరిన కుర్రాడొకడు నా గదికొచ్చి చొక్కా విప్పి వీపు చూపించాడు. బెల్టు దెబ్బలు. కెప్టెన్‌కి నీళ్ళబకెట్టు మోయనన్నాడట. "అన్నా, నువ్వు చెబితే వింటారు" అన్నాడు. నేను వెళ్ళి హాస్టల్ గుమాస్తాకి చెప్పాను. చెప్పి, చేతులు దులుపుకుని మ్యాట్నీకి పోయాను. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పేశాం కదా! నెల తిరక్కుండా ఆ కుర్రాడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్ళాడో నేను అడగలేదు. ఇప్పుడు వాడి పేరు కూడా గుర్తులేదు. కెప్టెన్ పేరు మాత్రం ఇంటిపేరుతో సహా గుర్తుంది.

అదండీ సంగతి! పటెర్నో కథలో పెద్ద తప్పు అదే. నేరం ఆయన చేయలేదు. ఆయన మీద కేసూ లేదు. చట్టప్రకారం పైవాళ్ళకి చెప్పాలి, చెప్పాడు. కానీ ఆ వూళ్ళో ఆయనకి పైవాడెవడండీ? ఆ అధికారి ఒకప్పుడు ఆయన జట్టులో ఆడినవాడే! ఆయన ఒక్క ఫోను చేస్తే పోలీసులు పరిగెత్తుకొచ్చేవారు. ఆ ఫోను చేయలేదు. శాండస్కీ ఆ తరవాత కూడా యూనివర్సిటీలో తిరుగుతూనే వున్నాడు. ఆ పిల్లాడెవరు, ఎలా వున్నాడని వెతికినవాడు లేడు. చివరికి విచారణ జరిగినప్పుడు కూడా ఆ పిల్లాడు కోర్టుకి రాలేదు. జూరీకి అతను 'రెండో బాధితుడు' మాత్రమే. పేరు లేదు, ఒక నంబరు!

ఇంకో ముక్క వినండి. ఫిబ్రవరిలో ఇది జరిగిందా? ఆ ఏడాదే, 2001లోనే, స్టేడియం బయట పటెర్నోకి కంచు విగ్రహం పెట్టారు. చూపుడువేలు పైకెత్తి, జట్టుని వెంటేసుకుని పరిగెడుతున్నట్టు.

శాండస్కీ అరెస్టయిన నాలుగో రోజు రాత్రి యూనివర్సిటీ ధర్మకర్తలు పటెర్నోని ఫోనులోనే ఉద్యోగంలోంచి తీసేశారు. విద్యార్థులు వేలమంది రోడ్డెక్కారు. టీవీ వాళ్ళ వ్యాను బోర్లా తిరగేశారు. వాళ్ళంతా మీ ఈడు వాళ్ళే సుమా! మన హీరోని ఎవరైనా ఒక మాటంటే మన వాళ్ళు చేసేదే వాళ్ళూ చేశారు. అయితే ఆ వూరి విద్యార్థులే రెండు రోజుల తరవాత, శుక్రవారం రాత్రి, వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని ఆ పిల్లల కోసం నిలబడ్డారు. బుధవారానికీ శుక్రవారానికీ మధ్య ఆ కుర్రాళ్ళకి ఏదో తెలిసొచ్చింది. నాకు తెలిసిరావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అప్పటికే ఆయన తన జీవితంలో ఇదొక పెద్ద దుఃఖమని, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఇంకా ఏదైనా చేసి వుండాల్సిందని ఒక ప్రకటన ఇచ్చాడు. రెండు నెలలకే, 2012 జనవరి 22న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 85 ఏళ్ళు.

మనిషి పోయాక మొదలైంది అసలు తమాషా. వూళ్ళో ఒక పెద్ద గోడ మీద అక్కడి ప్రముఖులందరి బొమ్మలూ వేసి వున్నాయి. చిత్రకారుడు అరెస్టు కాగానే శాండస్కీ బొమ్మ చెరిపేశాడు. పటెర్నో పోయాక ఆయన తల వెనక దేవుడి పటంలోలా కాంతివలయం గీశాడు. జూలైలో యూనివర్సిటీ నియమించిన లూయిస్ ఫ్రీ నివేదిక వచ్చింది. పటెర్నోతో సహా పెద్దలందరూ విషయం దాచారని అన్నది. ఆయన కుటుంబం అది అన్యాయమంది, 2013లో తమ నివేదిక తాము తెచ్చింది. ఫ్రీ నివేదిక రాగానే చిత్రకారుడు ఆ కాంతివలయాన్ని చెరిపేశాడు. జూలై 22న, ఆదివారం పొద్దున్నే, కంచు విగ్రహానికి ముసుగేసి పట్టుకుపోయారు. మర్నాడు కాలేజీ ఆటల సంఘం 6 కోట్ల డాలర్ల జరిమానా వేసి, 1998 నుంచి గెలిచిన ఆటలన్నీ రద్దు చేసింది. పటెర్నో లెక్క 409 నుంచి 298కి పడింది. 2015 జనవరిలో రాజీ కుదిరి ఆ గెలుపులు తిరిగి ఇచ్చేశారు. మళ్ళీ 409!

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆడిన ఆట ఆడలేదంటే పోతుందా? ఇచ్చేస్తే జరిగింది జరగకుండా పోతుందా? పద్దులు దిద్దుకుంటూ కూర్చున్నారు. యూనివర్సిటీ ఆ బాధితులకి ఇచ్చిన పరిహారం పది కోట్ల డాలర్లు దాటింది. ముగ్గురు పెద్ద అధికారులకి 2017లో శిక్షలు పడ్డాయి. కానీ పటెర్నో గొప్పవాడా కాదా అని వాదించుకునే వాళ్ళు ఇవాళ్టికీ చెప్పేది ఆ అంకెలే. 409 అనేవాళ్ళు కొందరు, 298 అనేవాళ్ళు కొందరు. ఆ గెలుపుల పట్టికలో ఆ పిల్లలకి చోటేదీ?

అలాగని ఆయన చేసిన మంచంతా అబద్ధమా? కాదు. ఆయన చదివించిన కుర్రాళ్ళు నిజం. ఆ పుస్తకాలు నిజం. ఆ శనివారమూ నిజమే. ఒకటి చూపించి రెండోది చెరపలేం. రెండూ ఒక మనిషివే. ఇది మింగుడుపడక మనం మనిషిని దేవుణ్ణయినా చేస్తాం, దెయ్యాన్నయినా చేస్తాం. దేవుణ్ణి చేశామంటే ఇక ఆయనకి ఎదురుచెప్పే దమ్ము ఎవరికుంటుంది? ఆ కుర్ర అసిస్టెంటు కూడా పోలీస్‌స్టేషన్‌కి పోకుండా ముందు దేవుడి గుమ్మంలోకే పోయాడు చూడండి!

సినిమాలో నాకు నచ్చిన మనిషి ఇంకొకరున్నారు. సారా గానిమ్. హారిస్‌బర్గ్ వూళ్ళో చిన్న పేపరు విలేఖరి. శాండస్కీ మీద విచారణ జరుగుతోందని అరెస్టుకి ఏడు నెలల ముందే, 2011 మార్చిలోనే రాసింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మర్నాటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. అప్పటికి 24 ఏళ్ళ అమ్మాయి! ఆ పాత్ర వేసింది రైలీ కియో, ఎల్విస్ ప్రెస్లీ మనవరాలు. (చూశారా, సినిమా కబురు ఒకటైనా చెప్పాను!) ఆ అమ్మాయి చేసిందల్లా ఏమిటి? ఆ పిల్లలు, వాళ్ళ తల్లులు చెప్పింది ఓపిగ్గా విన్నది. విని వదిలిపెట్టలేదు.

విగ్రహం తీసేసిన రోజున యూనివర్సిటీ అధ్యక్షుడు ఒక మాట చెప్పాడు - లైబ్రరీకి మాత్రం ఆయన పేరు వుంచుతామని. చాలామందికి నచ్చలేదు. నాకెందుకో అదే సరైన తీర్పనిపించింది. దండలేసి దండం పెట్టుకునే విగ్రహం అక్కర్లేదు. ఆయన చేసింది, చేయనిది రెండూ చదువుకునే చోటు ఒకటి వుంటే చాలు.

మీ అభిమాన హీరోలని మానేయమని నేననను. కటౌట్లు కట్టుకోండి, ఈలలు వేసుకోండి, నేనూ వేస్తాను. కాకపోతే ఓ చిన్న కోరిక. రేపెప్పుడైనా మీ హాస్టల్లోనో, మీ గ్రౌండులోనో, ఓ బక్కపలచటి కుర్రాడు బెదురుతూ మీ గదికొచ్చి ఏదైనా చెప్పబోతే, ముందు వాణ్ణి కూర్చోబెట్టి పేరడగండి. ఎవరికో చెప్పేసి మ్యాట్నీకి పోకండి. వారం తరవాత వాడెలా వున్నాడో మళ్ళీ వెళ్ళి చూడండి.

నేను చూడలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

వచ్చే వారం మళ్ళీ షూటింగు కబుర్లే. మాట ఇస్తున్నాను!