బుటా మారితే కొత్త ఆట అయితాదా?

ధర్మవరం మగ్గం మీద బుటా మార్చినంత మాత్రాన నేతే మారిందని ఎవరూ అనరు. పేరుమోసిన వీడియో గేములోళ్లు మాత్రం అట్లే చెప్పి అమ్ముతాండారు.

కాల్ ఆఫ్ డ్యూటీ మొదలైంది 2003లో. 2017లో పబ్జీ వచ్చె. వందమందిని దీవిలో దించి, ఆఖర్న మిగిలినోడిదే గెలుపనే ఆట ఊపందుకున్యాది. మరుసటేడే కాల్ ఆఫ్ డ్యూటీ కూడా అదే దోవ పట్టె. 2020లో వార్‌జోన్‌ను ఊరికే ఇచ్చి, లోపల తుపాకీలకు రంగులు అమ్మబట్టె.

అట్లని పాతవన్నీ ఇంతే అనను. 1986 నాటి జెల్డా, అదే 2017లో, కొండ కనపడితే ఎక్కు, యాడికైనా పో అని ఆడేటోళ్లకే వదిలేసె. అదీ కొత్త నేతంటే.

కాబట్టి తప్పు వయసుది కాదు, గిరాకీ పోతాదనే భయానిది. హిందూపురంలో, పెనుకొండలో సెల్లు పట్టుకున్న పిల్లోళ్లకు నేను చెప్పేదొకటే: రంగులకు దుడ్లు పోసినన్నాళ్లూ వాళ్లు మీకు రంగులే అమ్ముతారప్పా.